ఒకే కీబోర్డుతో అను మెషీనూ, యూనికోడ్ మెషీనూ

మా ఇంట్లో డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు సర్దే పని) బల్ల కింద రెండు సీపీయూలున్నాయి. బల్ల మీద మాత్రం ఒక్క కీబోర్డు, ఒక్క మౌసు, ఒక్క మానిటరు. ఇదెలా కుదిరిందని తోటి ఆపరేటర్లు తరచూ అడుగుతుంటారు. ఫోన్లో చెబితే సగమే అర్థమవుతోంది, అందుకని కూర్చుని రాస్తున్నాను. ఒకే కీబోర్డు, మౌసు, మానిటరుని రెండు కంప్యూటర్ల మధ్య మార్చే పెట్టెని కేవీఎం స్విచ్ అంటారు. అది కావాలని దుకాణంలో అడిగి, ఇచ్చింది ఇంటికి తెచ్చుకునే ముందు దీన్ని ఒకసారి చదవండి.

ముందు రెండు మెషీన్లు ఎందుకో చెప్పాలి. చిక్కడపల్లిలో ఒక ప్రెస్సుకీ, ఛత్తా బజారులో శుభలేఖలు వేసేవాళ్లకీ నేను ఇంటి దగ్గర్నుంచే టైపింగూ పేజీ సెట్టింగూ చేసిస్తాను. నేను ఈ పనిలోకి వచ్చేనాటికి తెలుగు డీటీపీ అంటే పేజీలు సర్దే పేజ్‌మేకరు, తెలుగు కొట్టడానికి అను ఫాంట్లు, అంతే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. 2004లో అడోబ్ వాళ్లు ఇక దాన్ని ముందుకు తీసుకెళ్లబోమని చెప్పేశారు. మన దగ్గర మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పత్రికలూ, పుస్తకాలూ, పెళ్లికార్డులూ దాంట్లోనే నడిచాయి. నా హార్డ్ డిస్కులో ఉన్న పాత ఫైళ్లన్నీ ఆ కాలంవే. కూతురి పెళ్లికి కార్డు వేయించుకున్నాయన మనవడి బారసాలకి వచ్చి "అమ్మా, అదే డిజైను తియ్యి, పేర్లు మార్చు చాలు" అంటాడు. ఆ ఫైలు తెరవాలంటే పాత మెషీనే కావాలి. అడోబ్ వాళ్లదే మరో పేజీ సెట్టింగ్ ప్రోగ్రాము ఇన్‌డిజైన్, సీఎస్6 వరకూ పేజ్‌మేకర్ ఫైళ్లని తెరిచేది, ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు.

పైగా అను ఫైలులో కంటికి తెలుగు కనిపిస్తుందే గానీ లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలకీ గుర్తులకీ ఉన్న స్థానాల్లో తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు మరోచోట సర్దిపెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది డాలర్లూ స్టార్లూ కలిసిన పిచ్చిగీతలే. యూనికోడ్‌లో అలా కాదు, 'క'కి ప్రపంచమంతా ఒకటే సంఖ్య. ఫోన్లో చదవాలన్నా, నెట్‌లో వెతకాలన్నా అదే కావాలి. కొత్తగా పుస్తకం వేయించుకునేవాళ్లంతా ఈబుక్ కూడా కావాలంటున్నారు. అందుకని కొత్త మెషీను యూనికోడ్‌కి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరకడం వల్ల అందులో పని చేయడం నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది.

పాతదాన్ని కొత్తదాంట్లోనే వర్చువల్ మెషీనుగా, అంటే ఒక ప్రోగ్రాము లోపల నడిచే కంప్యూటరుగా పెట్టుకోవచ్చు కదా అని కొందరంటారు. చాలామందికి అది సరిపోతుంది కూడా. నాకు అడ్డం వచ్చేది ప్రింటరు. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకి ట్రేసింగ్ పేపర్ మీద నల్లగా, చిక్కగా తీసిచ్చే నా పాత లేజర్ ప్రింటరుకి వెనక ఉన్నది వెడల్పాటి ప్యారలల్ పోర్టు. అది పాత మెషీనుకే తగులుతుంది. అది పనిచేసినన్నాళ్లూ ఆ మెషీను నా బల్ల కిందే ఉంటుంది.

ఇక చోటు సంగతి. రెండు కీబోర్డులు పెడితే రాతప్రతి పెట్టుకునే చోటు పోతుంది. టైపు చేసేవాళ్లకి రాతప్రతి ఎడమ పక్కన, కంటికి తిన్నగా ఉండాలి, లేకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. కరెంటు పోతే రెండు మానిటర్లని మోయాల్సిన భారం యూపీఎస్ మీద పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నా వేళ్లకి అలవాటైన కీబోర్డు ఒకటుంది. రోజంతా కొట్టే మనిషికి మీట ఎంత లోతు దిగుతుందో, ఎక్కడ ఆగుతుందో వేళ్లకే తెలుస్తుంది. రెండు మెషీన్లలోనూ అదే కావాలనుకున్నాను.

మా అక్క కొడుకు కంప్యూటర్ల పనే చేస్తాడు. వాడు మొదట చెప్పింది సాఫ్ట్‌వేరు. "పిన్నీ, డబ్బాలేం అక్కర్లేదు. మౌసుని తెర అంచుకి తోస్తే పక్క కంప్యూటర్లోకి వెళ్లిపోతుంది" అన్నాడు. నిజమే, అలాంటివి చాలాకాలంగా ఉన్నాయి. 2001లో మొదలైన సినర్జీ, దాన్నుంచి చీలిన బారియరు, దాన్నుంచి వచ్చిన ఇన్‌పుట్ లీపు, ఇప్పుడు డెస్క్‌ఫ్లో, అన్నీ ఒకే కుటుంబం. రెండు వైపులా విండోస్ ఉన్నవాళ్లకి మౌస్ వితవుట్ బోర్డర్స్ ఉంది. అది 2011లోనే వచ్చింది, 2023 నుంచి మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో కలిసే వస్తోంది. మ్యాక్ వాళ్లకి 2022 నుంచి యూనివర్సల్ కంట్రోల్ ఉంది. రెండూ కొత్త మెషీన్లై, రెండిటికీ సొంత తెరలుంటే వీటికన్నా హాయి లేదు. ఒక చోట కాపీ చేసి రెండో చోట పేస్టు చేయొచ్చు.

నా పనికి అవి మూడు రకాలుగా కుదరవు. ఒకటి, ఇవి పంచేది కీబోర్డునీ మౌసునీ మాత్రమే, తెరని పంచవు. రెండోది, ఇవన్నీ నెట్‌వర్కు మీద నడుస్తాయి. నా పాత మెషీన్లో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. అప్పట్నుంచి బయటపడ్డ లొసుగులు చాలావరకు దాంట్లో అలాగే ఉన్నాయి. అలాంటి మెషీనుకి కేబుల్ గానీ వైఫై గానీ తగిలించను. ఇందులో నాకు రెండో మాట లేదు. ఎక్స్‌పీతో ఇంకా పనిచేస్తున్న ఆపరేటర్లందరికీ చెప్పేది ఇదే: వాడుకోండి, కానీ నెట్ పెట్టకండి.

మూడోది మన తెలుగుకి సంబంధించింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కీబోర్డుకి ఏ భాషా రాదు. యూఎస్‌బీ కీబోర్డు మీద 'హెచ్' మీట నొక్కితే తీగలో వెళ్లేది 11 అనే అంకె, అంతే. అది హెచ్చా, మరో అక్షరమా అని తేల్చేది కంప్యూటరు. ఏ మీటకి ఏ అక్షరమో చెప్పే అమరికని లేఅవుట్ అంటారు. ఇన్‌స్క్రిప్టు అనే తెలుగు లేఅవుట్ పెట్టుకుంటే 'ప' పడుతుంది. అనులో మీరు ఏ లేఅవుట్‌కి అలవాటుపడ్డారో దాని ప్రకారం పడుతుంది. సినర్జీ కుటుంబంలోని సాఫ్ట్‌వేర్లు ఒట్టి మీట అంకెతో ఆగవు. ఈ మెషీన్లో ఆ మీటకి ఏ అక్షరం వచ్చిందో అదీ పంపుతాయి. అవతలి మెషీను ఆ అక్షరం తన లేఅవుట్‌లో ఎక్కడుందా అని వెతుక్కుంటుంది. రెండువైపులా ఇంగ్లిషే అయితే పేచీ లేదు. ఒకవైపు ఇన్‌స్క్రిప్టు, రెండోవైపు మీటలని మధ్యలో అందుకుని తన పద్ధతిలో మార్చే అను ఉంటే అక్కడ తికమక మొదలవుతుంది. తీగనే మార్చే స్విచ్ దగ్గర ఈ బాధ లేదు. 11 అంకె 11గానే వెళ్తుంది, ఏ మెషీను దాని భాషలో అది చదువుకుంటుంది.

మా దగ్గర పద్యాల పుస్తకం రెండో ముద్రణ వేయించుకుంటున్న మాస్టారొకాయన ఉన్నారు. ప్రూఫులు దిద్దడానికి వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని చూస్తూ "అమ్మాయ్, మీటల పలక ఒక్కటే కదా, అక్కడ ఒకలాగా ఇక్కడ ఒకలాగా ఎలా కొడుతున్నావు?" అని అడిగారు. ఈ 11 సంగతి చెప్పాను. "అయితే తికమక పడాల్సింది యంత్రం కాదు, నీ వేళ్లన్నమాట" అన్నారు. సరిగ్గా పట్టుకున్నారు. నిజానికి వేళ్లు కూడా తికమకపడవు. తెర మీద పేజ్‌మేకర్ టూల్‌బాక్స్ కనబడగానే అను చేతులు వస్తాయి, తెల్లటి కొత్త కిటికీ కనబడగానే ఇన్‌స్క్రిప్టు చేతులు వస్తాయి. ఇంట్లో ఒక యాస, పుట్టింట్లో ఒక యాస మాట్లాడే ఆడవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డబ్బాల సంగతి. కేవీఎం అంటే కీబోర్డు, వీడియో, మౌసు. మూడింటినీ ఒకే మీటతో ఇటూ అటూ మార్చే పెట్టె అది. మానిటరు తగిలించే పాత రకం వీజీఏ పోర్టులతో వచ్చే చవక రకాన్ని మా అక్క కొడుకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీ నుంచి చూపించడానికి తెచ్చాడు. నా పాత మెషీనులో ఉన్నది వీజీఏ ఒక్కటే. కొత్తదాంట్లో హెచ్‌డీఎంఐ. వీజీఏ అనలాగు, హెచ్‌డీఎంఐ డిజిటలు. కాబట్టి వీటిని ఉత్త కేబులుతో కలపలేం, మధ్యలో మార్చే సర్క్యూటు ఉన్న కన్వర్టరు కావాలి. అలా పెట్టి చూశాం. మీట నొక్కగానే మారింది, మా వాడికి సంతోషం. నేను మాత్రం పేజ్‌మేకర్లో ఒక ప్రూఫు పేజీ తెరిచి 'థ' దగ్గర ఆగాను.

తెలుగు ప్రూఫు చూసేవాళ్లకి తెలుసు. ద, ధ, థ మూడూ ఒకే పొట్టలో ఉంటాయి. ధకి కింద చిన్న గీత, థకి దాంతోపాటు పొట్టలో ఒక చుక్క. పన్నెండు పాయింట్లలో ఆ చుక్క తెర మీద రెండు మూడు పిక్సెళ్లకి మించదు. చవక పెట్టె, పొడుగు వీజీఏ కేబులు, దానికి తోడు కన్వర్టరు, ఇన్నిటి గుండా వచ్చేసరికి ప్రతి గీత పక్కనా పల్చటి నీడ పడింది. ఆ నీడలో చుక్క కలిసిపోయింది. 'అర్థం' ఏదో 'అర్ధం' ఏదో తేలడం లేదు. ఒకటి భావం, ఇంకొకటి సగం. ఇంగ్లిషులో ఉత్తరాలు కొట్టుకునేవాళ్లకి ఆ పెట్టె సరిపోతుందేమో. గుడిదీర్ఘాలూ ఒత్తులూ చూసి దిద్దే పనికి పనికిరాదు. వెంటనే వెనక్కి పంపాను.

అందులో ఇంకో లోపం కూడా కనిపించింది, అది డిజైన్ చేసేవాళ్లు గమనించాల్సింది. మానిటరు తన కొలతలేమిటో కంప్యూటరుకి చెప్పుకునే చిన్న సమాచారం ఒకటుంటుంది, ఈడీఐడీ అంటారు. వీజీఏలో అది 12, 15 నంబరు పిన్నుల మీదుగా వెళ్తుంది. చవక పెట్టెల్లో, కొన్ని కేబుళ్లలో ఆ తీగలుండవు. అప్పుడు పాత విండోస్ మానిటరు ఏదో తెలియక 1024 బై 768కి పడిపోతుంది. ఆ 4:3 బొమ్మని వెడల్పాటి తెర లాగి నింపుకుంటుంది. పెళ్లికార్డు మీద వేసిన గుండ్రటి పూర్ణకుంభం కోడిగుడ్డు పడుకోబెట్టినట్టయింది. ప్రింటులో సరిగ్గానే వస్తుంది గానీ, పక్కన కూర్చున్న పెళ్లివారికి ఆ మాట ఎంతసేపని చెబుతాం.

అప్పుడు నేను తేల్చుకున్నది, ఈ రాత మొత్తంలో మీకు చెప్పాలనుకున్నది ఇదే: చేతుల పని, కళ్ల పని విడగొట్టండి. మూడింటినీ ఒకే పెట్టెలోంచి పంపాలన్న నియమమేం లేదు. ఇవాళ దొరికే మామూలు మానిటర్లలో చాలావాటికి రెండు మూడు ఇన్‌పుట్లుంటాయి. నా 24 అంగుళాల మానిటరుకి ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నాయి. పాత మెషీన్నుంచి పొట్టి, మందపాటి వీజీఏ కేబులు తిన్నగా వీజీఏలోకి. కొత్తదాన్నుంచి హెచ్‌డీఎంఐ తిన్నగా హెచ్‌డీఎంఐలోకి. మధ్యలో పెట్టె లేదు, నీడ లేదు, కొలతలు దాచేది లేదు. థలో చుక్క చుక్కలా ఉంది. ఏ మెషీను కనబడాలో మానిటరు కింద ఉన్న ఇన్‌పుట్ బటనే మారుస్తుంది.

కీబోర్డు మౌసులకి యూఎస్‌బీ షేరింగ్ స్విచ్ అని విడిగా దొరుకుతుంది. వీడియో మోసే పని లేదు కాబట్టి అది చిన్నది, కేవీఎం కన్నా బాగా చవక. రెండు కేబుళ్లు రెండు మెషీన్లకి వెళ్తాయి, ముందువైపు పోర్టుల్లో కీబోర్డూ మౌసూ పెడతాం, మీద ఒక బటను. తీగతో విడిగా ఒక బటను వచ్చే రకం తీసుకోండి. నేను దాన్ని బల్ల అంచు కింద, ఎడమ బొటనవేలుకి అందేలా రెండువైపులా అంటుకునే టేపుతో అతికించాను. నొక్కితే ఒక మెషీన్నుంచి కీబోర్డు పీకి రెండోదానికి పెట్టినట్టే. ఎక్స్‌పీ ఒకటి రెండు సెకన్లు తీసుకుని టింగుమంటుంది, ఆ తర్వాత కొట్టుకోవచ్చు. ఆ చప్పుడు వినబడేదాకా ఆగడం అలవాటు చేసుకోవాలి, లేకపోతే మొదటి అక్షరాలు పోతాయి.

పీఎస్‌2 పిన్నులున్న మరీ పాత కీబోర్డులకి ఈ పద్ధతి పనికిరాదు. ఊదా రంగూ ఆకుపచ్చ రంగూ గుండ్రటి పిన్నులు, అవి. నడుస్తుండగా పీకి పెట్టడానికి వాటిని తయారు చేయలేదు. పీకితే చాలాసార్లు మళ్లీ రీస్టార్ట్ చేసేదాకా కీబోర్డు పలకదు.

పాత మెషీన్లో రెండు సర్దుబాట్లు చేసుకోవాలి. దాన్ని ఆన్ చేసే సమయానికి స్విచ్ కొత్త మెషీను వైపు ఉంటే, కీబోర్డు కనబడక పాత బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాము) నల్ల తెర మీద ఆగిపోతుంది. కీబోర్డు లేదు, ఎఫ్1 నొక్కండి అంటుంది. కీబోర్డు లేనప్పుడు నొక్కమంటే ఎలా నొక్కుతాం! బయోస్‌లోకి వెళ్లి హాల్ట్ ఆన్ అనేచోట కీబోర్డు తప్ప మిగతా లోపాలకే ఆగేలా పెట్టండి. రెండోది యూఎస్‌బీ కీబోర్డు సపోర్టు, కొన్నిటిలో లెగసీ అని ఉంటుంది. అది ఎనేబుల్లో ఉంటేనే విండోస్ మొదలవకముందు కూడా ఈ కీబోర్డు పనిచేస్తుంది.

పెన్ డ్రైవుని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ స్విచ్చుకి పెట్టకండి. పోర్టు ఖాళీగా ఉంది కదా అనిపిస్తుంది. ఫైలు కాపీ అవుతుండగా బటను నొక్కితే డ్రైవుని మధ్యలో లాగేసినట్టే, ఫైలు పాడవుతుంది. నెట్ లేని మెషీనుకీ కొత్తదానికీ మధ్య ఫైళ్లు మోసేది పెన్ డ్రైవే కాబట్టి దాన్ని నేరుగా సీపీయూకే పెడతాను. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకుంటే ఎక్స్‌పీ ఏ పేచీ లేకుండా చదువుతుంది. 4 జీబీ దాటిన ఒక్క ఫైలు అందులో పట్టదు, పుస్తకాల పనిలో ఆ అవసరం రాదు. పెన్ డ్రైవు పెట్టగానే అందులోది దానంతటదే నడిచే ఆటోరన్‌ని పాత మెషీన్లో ఆపేసి ఉంచుకోండి.

కీబోర్డు మీదే మారే రకాలూ ఉన్నాయి. స్క్రోల్ లాక్ రెండుసార్లు, లేదా కంట్రోల్ రెండుసార్లు నొక్కితే మారతాయి. కంట్రోల్‌తో మారేది మాకు అస్సలు పనికిరాదు, పేజీ సెట్టింగులో చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. భాష మార్చుకోవడానికి స్క్రోల్ లాక్ పెట్టుకున్నవాళ్లకి మొదటిదీ అంతే. బటనే మేలు.

మానిటరుది ఒక బటను, స్విచ్చుది ఒక బటను, రెండు నొక్కుళ్లు ఎందుకని మా వాడు ఊరుకోలేదు. మానిటరుకి కేబుల్లోంచే ఆజ్ఞలు పంపే పద్ధతి ఒకటుంది, డీడీసీ సీఐ అంటారు. అందులో 60 అనే కోడుకి 1 ఇస్తే వీజీఏకి, 17 ఇస్తే మొదటి హెచ్‌డీఎంఐకి మారుతుంది. లైనక్సులో డీడీసీయుటిల్, విండోసులో కంట్రోల్ మై మానిటర్ అనే ఉచిత ప్రోగ్రాములు ఈ పని చేస్తాయి. కొత్త మెషీన్లో దానికి ఒక షార్ట్‌కట్ పెట్టాడు. ఇటునుంచి అటు వెళ్లడానికి బాగా ఉంది. అటునుంచి ఇటు రావడానికి నేను మానిటరు బటనే వాడతాను. చాలా మానిటర్లు అప్పుడు తెర మీద ఉన్న మెషీను మాటే వింటాయి, ఎక్స్‌పీలో మళ్లీ ఇవన్నీ ఎక్కించే ఓపిక నాకు లేదు.

ఆఫీసు లాప్‌టాపూ సొంత కంప్యూటరూ ఉన్నవాళ్లకి రెండు మాటలు. ఆఫీసు లాప్‌టాపులో మీ ఇష్టమొచ్చిన సాఫ్ట్‌వేరు ఎక్కించనివ్వరు, ఎక్కించకూడదు కూడా. కాపీ చేసింది నిలిచే క్లిప్‌బోర్డు రెండిటికీ కలిస్తే ఆఫీసు సమాచారం ఇంటి మెషీనులోకి, మీ బ్యాంకు పాస్‌వర్డు ఆఫీసులోకి వెళ్లే దారి తెరిచినట్టే. మీకు కూడా యూఎస్‌బీ స్విచ్చూ, రెండు ఇన్‌పుట్ల మానిటరే సరైన దారి. తెర 4కే అయి, అన్నీ కలిసిన కేవీఎం పెట్టే కావాలనుకుంటే అది హెచ్‌డీఎంఐ 1.4దో 2.0దో చూసి కొనండి. 1.4 అయితే 4కేలో సెకనుకి 30 ఫ్రేములే వస్తాయి, మౌసు బాణం లాగినట్టు కదులుతుంది. 2.0లో 60 వస్తాయి. ఒకే కీబోర్డు మూడు పరికరాలతో మాట్లాడే బ్లూటూత్ రకాలు కూడా మంచివే, లాజిటెక్ కే380 లాంటివి. నా పాత మెషీనులో బ్లూటూతే లేదు కాబట్టి ఆ దారి నాకు లేదు.

మాస్టారి పుస్తకం ఇప్పుడు ఈ ఏర్పాటు మీదే సాగుతోంది. పాత ముద్రణ పేజీని అనులో తెరిచి చూడటం, అనుని యూనికోడ్‌గా మార్చే కన్వర్టరు ప్రోగ్రాము నుంచి వచ్చిన యూనికోడ్ పాఠాన్ని ఇటు సరిచూడటం. కన్వర్టర్లు ఎంత మంచివైనా ఒత్తు కింద ఒత్తు వచ్చేచోట, అరసున్న ఉన్నచోట తప్పకుండా చూసుకోవాలి. పద్యాల్లో అరసున్నలకి కొదవా! ఒక్కో పద్యానికి బొటనవేలు కిందకి వెళ్తుంది, టింగుమంటుంది, చూస్తాను, మళ్లీ వస్తాను. శతకం పూర్తయ్యాక అవే ఫైళ్లతో ఈబుక్కు కూడా చేస్తాను. అనునుంచి యూనికోడ్‌కి మార్చేటప్పుడు నాకు ఎదురయ్యే తప్పుల పట్టిక ఒకటి రాసుకుంటున్నాను. ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకి కావాలంటే అడగండి, పంపిస్తాను.